యాక్చువేటర్‌కు మొలతాడు

నమోదు 1. మబ్బు దిగిన రోజు

రహదారి సభవారి కొత్త హుకుం ఏమిటంటే, పైమెట్ట లారీ షెడ్డు మేస్త్రీ, అనగా నేను, గేదెల తవిటినాయుడు, ప్రతి మరమ్మతుకూ రోజువారీ రాత రాసి పెట్టాలి. ఏం విప్పావు, ఏం బిగించావు, ఎందుకు? ఈ మూడూ ఉంటే చాలట. నా చదువు సంగతి పెద్దలకు తెలిసిందే. పంతులుగారూ నేనూ మాట్లాడుకుని ఐదో తరగతితో ఆపేశాం. కాబట్టి రాతలో వంకరలుంటే సర్దుకోండి, బిగింపులో వంకర ఉంటే చెప్పండి.

ఈ రోజు గౌరి మూలుగుతూ వచ్చింది. గౌరి అంటే మా మెట్టకున్న ఒకే ఒక్క డీజిలు లారీ. పేరుకే డీజిలు, తాగేది కానుగ నూనె. సముద్రం కొండ మొదట్లోకి వచ్చి కూర్చున్నాక, రేవునుంచి ఉప్పూ ఎండుచేపలూ పైకి మోసేది ఇదొక్కటే. మూగరోజునాడు మెదడున్న బళ్లన్నీ, అంటే కంప్యూటరు పెట్టినవన్నీ, ఒక్కసారిగా నోరు మూసేసుకున్నాయి, మెదడు లేనివి బతికిపోయాయి. అలా బతికినవాళ్లలో నేనూ ఒకణ్ణని రహదారి పెద్ద లోకనాథ పాత్రుడుగారు నలుగురిలో అంటుంటారు. ఆయన మాటలు నేను మనసులో పెట్టుకోను. చేతుల్లో పెట్టుకుంటాను.

గౌరిని నడిపేది ఎర్రయ్యమ్మ. ఆవిడ మొగుడు సూరప్పడు కింద రేవులో పడవవాడు. పైకొస్తే అతనికి ఊపిరాడదు. కింద ఎక్కువసేపు ఉంటే ఈవిడకు కాలు నిలవదు. అందుకని పెళ్లైన నాటినుంచీ వీళ్లది బండి వెళ్లిన రోజు సంసారమే. జుట్టు నెరిసినా కిందికి వెళ్లే రోజున మాత్రం ఆవిడ తలలో పువ్వు మానలేదు.

"ఏటయ్యిందమ్మా?" అన్నాను.

"ఏటయ్యిందో తెలిస్తే నీకాడికి ఎందుకొస్తాను బావా? తొక్కితే పొగొస్తంది గానీ పరుగు రాలేదు. ముసలి మలుపుకాడ ఆగిపోనాది. మేకలు నన్ను దాటెల్లిపోనాయి. అందులో ఒకటి ఎనక్కి తిరిగి సూసింది కూడా."

"జాలిపడింది కావాల."

"నవ్వింది."

ఆవిడ ఇంకా దిగకముందే పాత్రుడుగారు సున్నం బక్కెట్టుతో దిగబడ్డారు. ఘాటీ రోడ్డు ఎక్కుతూ ఆగిపోయిన బండికి బుగ్గమీద సున్నపు గీత. రెండోసారి ఆగితే రెండో గీత. రెండు గీతలు పడ్డ బండిని కోసేసి, ఆ ఇనుముతో తాడుబండికి కప్పీలు పోస్తారు. మెట్టనుంచి రేవుకు తాడు కట్టి, దానికి బుట్టలు వేలాడదీసి సరుకు లాగాలని సభవారి ఆలోచన. ఆలోచన మంచిదే. బుట్టలో మనిషిని ఎక్కనివ్వరు, అదొక్కటే లోటు.

"నాకు నీమీద కోపం లేదు ఎర్రయ్యమ్మా," అన్నారాయన గీత గీస్తూ. "కప్పీలకి ఇనుము కావాలి. అది ఆకాశం నుంచి ఊడిపడదు కదా. వచ్చే ఉప్పు లోడుకి నేనే దగ్గరుండి చూస్తాను. చక్రం ఆగిందా, అంతే. బండి పోయినా నీకు పని ఉంటుంది. నారశాలలో నీడపట్టున కూర్చుని తాళ్లు పేనుకోవచ్చు."

ఆయన వెళ్లాక ఎర్రయ్యమ్మ గౌరి బుగ్గమీది సున్నం చూస్తూ, "నాకు రెండూళ్లున్నాయి బావా. బండి పోతే ఒకటే మిగుల్తాది," అంది.

ఆవిడ కళ్లలోకి చూడటం ఇష్టంలేక నేను బండి కిందికి దూరాను.

నమోదు 2. ఎండ కాసిన రోజు

పొద్దున్నే మూగపలకను గోడకు ఆనించి గడ్డం గీసుకున్నాను. వెనకటివాళ్లు దీనితో ఊళ్లకవతల ఉన్నవాళ్లతో మాట్లాడేవారట. ఇప్పుడు నా మొహం చూసుకోవడానికి పనికొస్తోంది. ఇంతకంటే మంచి వాడకం వాళ్లకు మాత్రం ఏం దొరికుంటుంది?

తరవాత గౌరిని పట్టాను. పొగ నల్లగా వస్తోందంటే నూనె సరిపడా పడుతోంది, గాలి చాలడంలేదన్నమాట. గాలి జల్లెడ తీసి దులిపాను, బాగానే ఉంది. గాలి పోయే రబ్బరు గొట్టాలన్నిటికీ సబ్బునీళ్లు రాసి, ఎర్రయ్యమ్మను ఇంజను రేపమన్నాను. ఎక్కడన్నా చిరిగి ఉంటే బుడగలొస్తాయి. ఒక్క బుడగ రాలేదు. అంటే ఇంక టర్బోమీదికే పోవాలి.

టర్బో అంటే ఏమిటని సభవారు అడుగుతారు, అందుకే రాస్తున్నాను. పొగగొట్టంలోంచి పోయే వేడిపొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుమీద రెండో కొస్సన ఇంకో చక్రం ఉండి ఇంజనులోకి గాలి కుక్కుతుంది. పొగ వచ్చే దారిలో సన్నటి రెక్కలుంటాయి. బండి నెమ్మదిగా ఎక్కేటప్పుడు ఆ రెక్కలు దగ్గరగా మూసుకోవాలి, అప్పుడు పొగ సన్నటి సందులోంచి వడిగా వచ్చి చక్రాన్ని కొడుతుంది. ఆ రెక్కల్ని లాగే చెయ్యే యాక్చువేటర్. చిన్న చెంబంత గుండ్రటి డబ్బా, లోపల రబ్బరు పొర, బయటికి సన్నటి కడ్డీ. ఇంజను పక్కనున్న పంపు ఒక గొట్టం ద్వారా డబ్బాలోని గాలిని పీలుస్తుంది. పొర లోపలికి పోతుంది, దాంతోపాటు కడ్డీ లోపలికి జరుగుతుంది, రెక్కలు మూసుకుంటాయి. ఇంతే. దీనికి పుస్తకం అక్కర్లేదు.

ఇరుసు పట్టుకుని ఊపాను, లొడలొడలేమీ లేవు. టర్బో ఆరోగ్యంగానే ఉంది. కడ్డీకి తగిలించిన మీటను చేత్తో కదిపాను, హాయిగా ఆడింది. రెక్కలు మసిపట్టి బిగుసుకోలేదన్నమాట, బతికాం. ఇంజను ఆడుతుండగా కడ్డీని చూశాను. కదలదు. గొట్టం ఊడదీసి బొటనవేలు పెడితే వేలు అతుక్కుపోయింది. పీల్చే పంపూ బాగుంది, మీటా బాగుంది, మధ్యలో డబ్బా ఒక్కటే పని ఎగ్గొడుతోంది.

డబ్బా మూతికి చిన్న గొట్టం తగిలించి నోటితో పీల్చి చూశాను. పొర మంచిదైతే గాలి ఆగి నాలిక కొస గొట్టానికి అతుక్కుంటుంది. నాకు గాలి ధారాళంగా వచ్చింది, పాత రబ్బరు కంపుతో సహా. పొర చిరిగింది.

సరిగ్గా అప్పుడు పాత్రుడుగారు వచ్చారు. నేను గొట్టం కొసను మసినూనెలో ఒకసారి ముంచి, తుడిచినట్టు తుడిచి ఆయనకందించాను.

"పెద్దబాబూ, తమరు సదువుకున్నోరు. రోగం ఏటో తమరి నోటితోనే తేల్చండి. పీల్చి సూడండి."

ఆయన బుగ్గలు లోపలికి పోయేలా పీల్చారు. "గాలి వచ్చేస్తోంది నాయుడూ."

"అదే రోగం. ఎంత బాగా కనిపెట్టీసినారు!"

ఆయన సంతోషించి అలాగే సభకు వెళ్లారు, నోటిచుట్టూ నల్లటి చక్రంతో. పెద్దాయన ఏదో దీక్ష పట్టారనుకుని అక్కడెవరూ నోరెత్తలేదట. మజ్జిగ ఇచ్చినవాడు మాత్రం దీక్ష చెడకుండా గ్లాసుకి బదులు ఆయన దోసిట్లో పోశాడట.

నమోదు 3. మళ్లీ మబ్బు

చిరిగిన పొరకు మందు లేదు, డబ్బా మొత్తం మార్చాలి. అందుకని అవయవశాలకు వెళ్లాను.

మా మెట్టమీద కొత్త సామాను పుట్టదు. చచ్చిన బళ్లలోంచి తీసిన భాగాలన్నీ అవయవశాలలో వరసగా వేలాడుతుంటాయి. ప్రతిదానికీ ఒక పేరు, రాగితీగ పేనిన ఒక మొలతాడు ఉంటాయి. భాగం ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి వెళితే మళ్లీ పుట్టినట్టే. బారసాల చెయ్యాలి, మొలతాడు కట్టాలి, పేరు పెట్టాలి. ఇక పనికిరాదనుకున్నప్పుడు మొలతాడు తెంచుతారు. తెంచితే చచ్చినట్టు. చచ్చిన భాగంతో బండి నడపకూడదు, అది తిన్నగా బట్టీలోకి పోవాలి. ఇవన్నీ చూసుకునేది పోలమ్మత్త. ఊళ్లో సగంమంది పిల్లలకూ, మొత్తం పంపులకూ మొలతాడు కట్టిన చెయ్యి అది.

"గౌరికి ఏటి తక్కువయ్యిందిరా తవిటిగా?"

"సెయ్యి ఇరిగిందత్తా. యాక్చువేటరు కావాల."

"అదెలగుంటాది? నాను పుట్టి బుద్దెరిగాక అటువంటిదానికి తాడు కట్టనేదు."

"గుండ్రంగా పొట్ట, సన్నంగా ఒక కడ్డీ. అచ్చం నీ మొగుడు ఊతకర్ర పట్టుకున్నట్టు."

వెన్నుమీద ఒకటి వేసి, వెతకడానికి నిచ్చెనెక్కింది. మూలన ఒక పాత బస్సు ఎముకల్లో దొరికింది. చిరిగిందా లేదా చూడ్డానికి నోటితో పీలిస్తే నాలిక ఊడిరానంత గట్టిగా పట్టుకుంది. నేను నాలిక బయటపెట్టి "అత్తా, అత్తా" అంటుంటే ఆవిడ నన్ను నమ్మక, "ఏసాలు సాలు," అంటూ చేతిలో దీపం వత్తి ఎగదోసుకుంది. పట్టుకున్న ముక్కే మంచి ముక్క.

కాకపోతే బస్సుది బస్సుదే. షెడ్డుకు తెచ్చి పెట్టి చూస్తే, గౌరి చెవులకు దీని బోల్టు కన్నాలు కలవలేదు. పాత తలుపుబందు రేకు కోసి, కన్నాలు వేసి, ఒక పట్టీ చేశాను. వేడి తగలకుండా అడ్డం ఉండే రేకు మూత విప్పాను. పాత డబ్బాను పట్టి ఉన్న నట్లు కానుగ నూనె తాగిస్తే గానీ కదల్లేదు. ఇంక మిగిలింది కడ్డీ కొసను మీటకు పట్టి ఉంచే చిన్న క్లిప్పు. గోటికంటే చిన్నది. స్క్రూడ్రైవరు పెట్టి ఇలా అన్నానో లేదో, టింగుమంది. పోయింది.

"ఎటెల్లింది?" అంది ఎర్రయ్యమ్మ.

"కదలకు! ఊపిరి తియ్యకు!"

మధ్యాహ్నమంతా ఇద్దరం షెడ్డు నేల జల్లెడ పట్టాం. అయస్కాంతానికి తాడు కట్టి దున్నాం. ఇసుక, మేకులు, నాకు గుర్తులేని ఒక చెంచా దొరికాయి. క్లిప్పు మాత్రం దొరకలేదు. చివరికి ఎర్రయ్యమ్మ విసుగొచ్చి కొప్పు విప్పి విదిలిస్తే అందులోంచి రాలింది.

"నాకు ఇంతసేపూ బుర్రలో ఏదో గుచ్చుతానే ఉంది బావా. ఆలోసనేమో అనుకున్నాను."

ఈ మాట ఆవిడే అంది గనక రాస్తున్నాను. నేను అనుంటే సభకు ఫిర్యాదు వచ్చేది.

నమోదు 4. తేటగా ఉంది

డబ్బా బిగించాను. కడ్డీ పొడవు సరిచెయ్యడమే అసలు పని. పొడవెక్కువైతే రెక్కలు పూర్తిగా మూసుకోవు, పొట్టిదైతే ఎప్పుడూ మూసుకునే ఉండి ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. పశువుల డాక్టరమ్మ దగ్గర గేదెలకు పొడిచే పెద్ద పిచికారీ తెచ్చి, గొట్టానికి పెట్టి వెనక్కి లాగుతూ కడ్డీ ఎప్పుడు కదలడం మొదలెడుతోందో, ఎక్కడ ఆగుతోందో చూసుకుంటూ, కొసనున్న మరను కొంచెం కొంచెంగా తిప్పాను. లాగితే మీట వెళ్లి ఆపుమరకు తగలాలి, వదిలితే మళ్లీ వెనక్కి రావాలి. తగిలింది, వచ్చింది.

మంచును నీళ్లుగా ఒడిసిపట్టే మంచువలల మైదానం చుట్టూ ఒక చుట్టు వేశాం. ఎర్రయ్యమ్మ తొక్కగానే గౌరి ఈలేసింది. వలలకింద నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు బిందెలొదిలేసి పక్కకు దూకారు. ఎర్రయ్యమ్మ నవ్వుతోంది. నేను కిటికీ చువ్వ పట్టుకుని, ఇష్టదైవాలు ఎవరెవరున్నారో లెక్కపెట్టుకుంటున్నాను.

ఆ తరవాత బారసాల. పోలమ్మత్త పసుపు, కుంకుమ, పప్పుబెల్లాలు, రాగి మొలతాడు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. నేను దగ్గరుండాల్సిన మాటే. ఉండలేదు. ఎందుకంటే ఊరంతా షెడ్డు దగ్గర మూగిన వేళ పాత్రుడుగారి సున్నం బక్కెట్టు ఆయన అరుగుమీద ఒంటరిగా ఉంది. అలాంటి అవకాశం నాబోటివాడికి తరచూ రాదు. సున్నం పారబోసి, చిక్కటి గంజి పోసి వచ్చాను.

వచ్చేసరికి తంతు అయిపోయింది. వేడికి అడ్డం ఉండే రేకు మూత ఎర్రయ్యమ్మే బిగించేసి, దానిమీద ఇంత బొట్టు పెట్టింది.

"పేరేటి ఎట్టినారు?" అన్నాను బెల్లం నములుతూ.

"కనకారావు," అంది పోలమ్మత్త. "సెవిలో మూడుపాల్లు సెప్పినాను."

"దానికి సెవి ఎక్కడుంది?"

"నీకున్నాయి కదా రెండు, ఏటి ఇన్నావు ఈ జన్మలో?"

సాయంత్రం పాత్రుడుగారు వచ్చి గౌరి బుగ్గమీద వెలిసిపోయిన గీతను మళ్లీ దిద్దారు. ఆయన వెనుదిరిగారో లేదో, మేక వచ్చి ఆ గీతను శుభ్రంగా నాకేసింది. ఆయన మళ్లీ గీశారు. ఈసారి రెండు మేకలొచ్చాయి. మూడోసారి ఆయన బ్రష్షు వాసన చూసుకుని, నావైపు చూసి, బక్కెట్టు పట్టుకుని వెళ్లిపోయారు. రేపు రేవులో ఉప్పు లోడు వేయించుకోవడం. ఎల్లుండి ఘాటీ ఎక్కడం. నేను హాయిగా పడుకున్నాను, పడుకోకూడదని తెలియక.

నమోదు 5. ఎక్కిన రోజు

పొద్దున్నే రేవునుంచి బయల్దేరాం. వెనక నిండా ఉప్పు బస్తాలు. లోపల స్టీరింగు దగ్గర ఎర్రయ్యమ్మ, కిటికీ పక్కన పప్పుబెల్లాల పళ్లెంతో పోలమ్మత్త, మధ్యలో ఇంజను మూతమీద నేను. కొత్తగా పుట్టిన భాగం మొదటి ప్రయాణంలో మొలతాడు కట్టిన మనిషి పక్కన ఉండాలని ఆచారం. పాత్రుడుగారు బయట మెట్టుమీద నిలబడి కిటికీ పట్టుకున్నారు. కొత్త సున్నం, తానే కలుపుకుని, మూత బిగించి చంకలో పెట్టుకున్నారు. మునిగిన మేడల పైకప్పులకు కట్టిన పడవల్లోంచి సూరప్పడు లేచి నిలబడి తలగుడ్డ ఊపాడు. ఎర్రయ్యమ్మ అటు చూడలేదు. చూస్తే గేరు పడదట.

మొదటి మలుపు ఎక్కాం. గౌరి ఈల వెయ్యలేదు. రెండో మలుపులో మూలుగు మొదలెట్టింది. మూడోదాని దగ్గర వెనక నల్లటి పొగ లేచింది.

"బావా," అంది ఎర్రయ్యమ్మ. గొంతులో ఏమీ లేదు, బావా అన్న మాటొక్కటే.

"మొన్న మైదానంలో ఎగిరింది కదేటి!"

"మొన్న ఎగిరింది. ఇయ్యాల పాకుతంది."

ముసలి మలుపు దగ్గరికి వచ్చేసరికి మొదటి గేరులో ఉన్నాం. బండి ఎంత నెమ్మదించిందంటే, పాత్రుడుగారు మెట్టుమీంచి దిగి పక్కనే నడవడం మొదలెట్టారు. కాసేపటికి ముందుకే నడిచి, బండి ముందు చక్రంవైపు తిరిగి, వంగి చూస్తూ వెనక్కి అడుగులేస్తున్నారు. బక్కెట్టు మూత తీశారు. పాపం ఆయన మొహంలో సంతోషమేమీ లేదు. అది చూసి నాకింకా భయం వేసింది.

ఆపితే ఓడినట్టు. నేను సీట్ల మధ్యనున్న ఇంజను మూత ఎత్తేశాను. వేడి మొహాన కొట్టింది. గొట్టం ఉంది. పంపు పీలుస్తోంది. బొట్టుపెట్టిన రేకు మూత నట్లు గుడ్డతో పట్టుకుని తిప్పి, వేళ్లు చురుక్కుమంటుండగా తీశాను.

లోపల కనకారావు నగలు పెట్టుకుని కూర్చున్నాడు. సన్నటి కడ్డీచుట్టూ, డబ్బా మూతి దగ్గర, రాగితీగ మొలతాడు చుట్లు చుట్లుగా బిగించి ఉంది. ఇంజను పీలుస్తోంది, కడ్డీ లోపలికి పోవాలని చూస్తోంది, ఆ రాగిచుట్ట వెళ్లి డబ్బా మూతికి అడ్డంపడుతోంది. రెక్కలు మూసుకునే దారే లేదు.

నేను జేబులోంచి కటింగ్ ప్లేరు తీశాను. పోలమ్మత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఏటి సేస్తన్నావురా?"

"తెంచుతాను. దీనివల్లే బండి లాగడంలేదు."

"తెంచితే సచ్చినట్టురా! సచ్చిన ముక్కతో బండి ఎక్కించితే అదిగో, ముందర నడుస్తన్నాడు కదా పాత్రుడు, ఎక్కినా గీత గీస్తాడు. నాను కట్టిన తాడు నా కళ్లముందర తెంచుతావా? ఏలాకోలానికి అదునూ పదునూ నేదా నీకు?"

"ఏలాకోలం కాదత్తా!"

"మొన్న గంజి పోసినోడివి నువ్వే కదా? నిన్నెలగ నమ్మనురా?"

ఆవిడ చెప్పింది నిజమే. తెంచితే భాగం చస్తుంది, తెంచకపోతే బండి చస్తుంది. ఎర్రయ్యమ్మ ముందుకు వంగి స్టీరింగును రొమ్ముకు ఆనించుకుని తొక్కుతోంది. పెడలు కింద ఇంక తొక్కడానికి ఏమీ మిగల్లేదు. చక్రం కింద చిన్న గులకరాయి పడితే, దాన్ని ఎక్కడానికి బండి ఆలోచించింది.

నేను ప్లేరు కింద పడేసి, పోలమ్మత్త చెయ్యి పట్టుకుని, చీర కొంగు దానికి చుట్టి, ఇంజను గుంటలోకి దించి ఆ రాగిచుట్ట మీద పెట్టాను.

"నాను ఏటీ సెప్పనత్తా. నువ్వే సూడు. ఎర్రయ్యమ్మా, ఒకపాలి వదిలి మల్లీ తొక్కు."

"వదిలితే ఆగిపోతాది బావా!"

"కొంచెమే!"

వదిలి తొక్కింది. అత్త చేతికింద కడ్డీ లోపలికి ఒక్క గుంజు గుంజి, చుట్టకు తగిలి, ఆగి వణికింది. మళ్లీ గుంజింది. అత్త కళ్లు పెద్దవయ్యాయి.

"ఓలమ్మ. గింజుకుంటంది."

"అది నడుం కాదత్తా. సన్నగా ఉందని నువ్వు నడుమనుకున్నావు. అది పీక. మొలతాడు పీకకి బిగించినావు."

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. తరవాత నన్ను పక్కకు ఒక్క తోపు తోసి, రెండు చేతులూ ఇంజనులో పెట్టింది. ఎంతమంది పిల్లల మొలతాళ్లు విప్పిందో ఆ వేళ్లు, ముడి ఎక్కడుందో చూడకుండానే పట్టేశాయి. "నా నాయనే, నా కనకమే, గుడ్డిదాన్నయిపోనాను, ఊపిరాడనేదేటి నాన్నా," అని అంటూనే చుట్టు తరవాత చుట్టు విప్పింది. ఒక్క తీగ తెగలేదు. వేళ్లు కాలుతుంటే ఊదుకుంటోంది, మళ్లీ పెడుతోంది.

"అమ్మా, ఆగిపోతన్నాది," అంది ఎర్రయ్యమ్మ.

"నువ్ తొక్కయే!" అంది పోలమ్మత్త.

ఆఖరి చుట్టు ఊడింది. కడ్డీ సర్రున లోపలికి పోయి మీట ఆపుమరకు ఠక్కున తగిలింది. ఒక్క గుక్క తరవాత గౌరి ఈలేసింది. ఈసారి చిన్న ఈల కాదు. కొండలో కొంగలు లేచిపోయాయి. నేను వెనక్కి పడ్డాను, నామీద రేకు మూత, దానిమీద పప్పుబెల్లాల పళ్లెం. పోలమ్మత్త మాత్రం ఆ కుదుపులోనే రాగి మొలతాడును డబ్బా లావుపాటి నడుముకు చుట్టి, ముడేసి, ముద్దుపెట్టుకుంది. వేడిగా ఉందని తరవాత గుర్తొచ్చింది.

ముందర వెనక్కి అడుగులేస్తున్న పాత్రుడుగారు బ్రష్షుతో సహా కంచెమీదికి గెంతారు. మేం ఆయన్ని దాటిపోయాం. అద్దంలో చూస్తే దుమ్ములో ఆయన చెయ్యొక్కటే కనబడుతోంది. అది ఆపమంటోందో, పొమ్మంటోందో తెలియలేదు.

పైగేటు దాటాక ఎర్రయ్యమ్మ బండి ఆపింది. స్టీరింగుమీద తల పెట్టుకుంది. ఊరంతా చేరింది. కాసేపటికి ఆవిడ తలెత్తి, "పెద్దబాబు ఏరి?" అంది.

"కింద. ముసలి మలుపు కాడ. నడిచొస్తాడులే, ఆరోగ్యానికి మంచిది," అన్నాను.

"ఆయన సూడకుండా మనం ఎక్కితే ఎక్కినట్టేటి? పద."

ఉప్పు దించనే లేదు, బండి తిప్పి మళ్లీ కిందికి దిగింది. మధ్యదారిలో పాత్రుడుగారు బక్కెట్టుమీద కూర్చుని చెప్పులోంచి రాయి తీసుకుంటున్నారు. ఆయన్ని లోపల పోలమ్మత్త పక్కన కూర్చోబెట్టి, అదే లోడుతో, ముసలి మలుపు కింది చప్టా దాకా వెళ్లి, తిప్పుకుని మళ్లీ ఎక్కింది. ఆయన రెండు చేతులతో సీటు పట్టుకుని, నోరు కొంచెం తెరిచి కూర్చున్నారు. కొండ వంపులో బండి ఈలేసినప్పుడల్లా ఆయన మోకాలు ఎగురుతోంది. పైగేటు కనబడ్డాక చేతులు సీటుమీంచి తీశారు.

"నేను ఎప్పుడూ మెట్టుమీదే నిలబడ్డాను ఎర్రయ్యమ్మా. లోపల కూర్చోవడం ఇదే మొదలు." కిటికీలోంచి కిందికి చూసి, "దిగేటప్పుడు కూడా ఇలాగే కూస్తుందా?" అన్నారు.

"దిగినప్పుడు బండి కుయ్యదు బాబూ. నానే హారను కొడతాను. కింద మా ఆయన ఇనాల కదా."

ఆయన గేటుదగ్గర దిగి, సున్నం బక్కెట్టును గేటుమనిషికిచ్చి గోడకు వేసుకోమన్నారు. కప్పీలకు ఇనుము ఇంకెక్కడన్నా వెతుకుతామన్నారు. నావైపు చూసి మాత్రం, "గంజి సంగతి వేరేగా మాట్లాడదాం," అన్నారు. నేను వంగి దండం పెట్టాను. వంగినప్పుడు ఆయన చెప్పుల్లో మిగిలిన రాయి కూడా కనబడింది. చెప్పలేదు.

సభవారికి ఒక మనవి. ఉప్పు బస్తాలు సగమే దించారని గోదాములో గొడవ చేస్తున్నారట. నిజమే. కూలీలు మంచినీళ్లకని పక్కకు వెళ్లారు, ఈలోగా ఎర్రయ్యమ్మ తలలో పువ్వు సర్దుకుని, వెనక తలుపు కొక్కెం కూడా వెయ్యకుండా బండి తిప్పేసింది. కొండ మొదటివరకూ హారను వినబడుతూనే ఉంది. ఆ సగం ఉప్పూ రేవుకే తిరిగి వెళ్లిపోయింది. రేపు తెస్తుంది లెండి. ఎల్లుండి తెచ్చినా నేను అడగను.